తిత్లీ ఫొటోలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



2018 అక్టోబరు 11న, తెల్లవారుజామున నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుగా వచ్చినప్పుడు 165. ఈ అంకెలు వాతావరణ శాఖ రికార్డుల్లో ఉన్నాయి. ఇంకో యాభై ఏళ్ల తర్వాత అడిగినా దొరుకుతాయి. ఆ గాలి వజ్రపుకొత్తూరులో, మందసలో, సోంపేటలో, కవిటిలో ఏ కొబ్బరితోటని ఏ వైపు పడుకోబెట్టిందో చూపించే ఫొటోలు ఎక్కడున్నాయని మాత్రం మీ ఆఫీసులోనే ఒకసారి అడిగి చూడండి. నాకు తెలిసి, ఈ సెక్షన్ వాళ్లు ఆ సెక్షన్ పేరు చెబుతారు, ఆ సెక్షన్ వాళ్లు బదిలీ అయి వెళ్లిపోయిన ఉద్యోగి పేరు చెబుతారు.

ఫొటోలు తియ్యకపోవడమేమీ లేదు. నష్టం రాసుకోడానికి తోటలకి వచ్చిన సిబ్బంది, రైతుని పడిపోయిన చెట్టు పక్కన నిలబెట్టి తమ సొంత ఫోన్లలో తీశారు. విలేకరులు తీశారు. స్తంభాలు ఎత్తడానికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన కరెంటు వాళ్లు తీశారు. కుర్రాళ్లయితే చార్జింగ్ ఉన్నంతసేపూ తీసి, జనరేటరు ఉన్నచోట డబ్బులిచ్చి చార్జింగ్ పెట్టించుకుని మళ్లీ తీశారు. నాలాంటి స్టూడియోవాళ్లం తీశాం. ఆ ఫోన్లలో చాలావాటికి ఇప్పటికే ఆయుష్షు తీరింది. కొన్ని వేటకెళ్లినప్పుడు నీళ్లలో పడ్డాయి, కొన్ని ఎక్స్ఛేంజిలో పోయాయి, కొన్ని స్క్రీను పగిలి పిల్లల బొమ్మల డబ్బాలో చేరాయి.

నా విన్నపం చిన్నది. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఫొటోలకి జిల్లా తరఫున ఒక భాండాగారం పెట్టండి. దాన్ని చూసుకునే బాధ్యత ఏదో ఒక పోస్టుకి అంటగట్టండి. రెండింటిలో ఒక్కటే కుదురుతుందంటే రెండోదే ఇవ్వండి. ఆ పోస్టులో ఉన్నవాళ్లు భాండాగారాన్ని మెల్లగా కట్టుకుంటారు. మనిషి లేకుండా ముందు భాండాగారం కడితే దానికి మన ఆఫీసుల్లో వేరే పేరుంది, స్టోర్ రూము.

నేను టెక్కలిలో ఫొటో స్టూడియో నడుపుకునేవాణ్ణి. డార్క్‌రూములో ఎర్రలైటు కింద నెగిటివ్‌లు కడిగిన కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి, ఫొటో ఎలా పుడుతుందో కన్నా ఎలా చస్తుందో ఎక్కువ చూశాను. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ విషయంలో చదువుకున్నవాళ్లకి కూడా కంప్యూటర్లో ఉంటే పదిలమే అన్న నమ్మకం ఒకటుంది.

సీడీతో మొదలుపెడతాను. ఓ పదేళ్లపాటు మేం పెళ్లి ఆల్బమ్‌తో పాటు సీడీలు, తర్వాత డీవీడీలు చేతిలో పెట్టేవాళ్లం. పైన వధూవరుల పేర్లు, మూలన గులాబీ పువ్వు. కంపెనీలో అచ్చయ్యే సినిమా సీడీ వేరు, మేం స్టూడియోలో రాసే సీడీ వేరు. సినిమా సీడీలో సమాచారాన్ని గుంటలుగా ఒత్తేస్తారు. మేం రాసేదాంట్లో ఒక రంగు పొర ఉంటుంది, లేజరు దాని మీద గుర్తులు కాలుస్తుంది. ఆ రంగు ఎండకి, వేడికి, తేమకి వెలుస్తుంది. బీరువాలో పట్టుచీరల కింద పెట్టినా కాలం గడిస్తే వెలుస్తుంది. ఒకవేళ వెలవకుండా మిగిలినా, పెట్టి చూద్దామంటే ఇప్పుడు కొనే ల్యాప్‌టాప్‌లో డ్రైవే ఉండదు. అంతకుముందు ఇచ్చిన వీడియో క్యాసెట్ల సంగతి సరేసరి. జపాన్‌లో ఫునాయి అనే కంపెనీ అందరికన్నా చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసి, 2016 జులైలో అది కూడా ఆపేసింది. క్యాసెట్ బాగానే ఉన్నా దాన్ని ఆడించే యంత్రం పోయింది.

హార్డ్ డిస్కు అంటే లోపల గిర్రున తిరిగే పళ్లెం, దానికి వెంట్రుక మందం కూడా ఎడం లేకుండా కదిలే హెడ్డు. మూడు నుంచి ఐదేళ్లు దాటిన డిస్కు ఏ రోజైనా పోవచ్చనుకునే మేం పని చేస్తాం. తీరం ఊళ్లలో ఉప్పుగాలికి గేటు గడియలే తినేస్తాయి, ఇంక సన్నని తీగలూ కనెక్టర్లూ ఏపాటి! పెన్‌డ్రైవు, మెమరీ కార్డు మరీ బలహీనం. వాటిలో సమాచారం సూక్ష్మమైన విద్యుత్ ఆవేశంగా ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా డ్రాయర్లో పడేస్తే ఆ ఆవేశం కారిపోతుంది. అవి ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడానికి చేసినవి. జనం వాటిలో తాతల ఫొటోలు దాస్తున్నారు.

ఇంకో తేడా ఉంది. కాగితం ఫొటోకి చెద పట్టినా సగం మొహం మిగులుతుంది. నెగిటివ్‌కి బూజు పట్టినా తుడిచి, స్కాన్ చేసి, ఎంతో కొంత రాబట్టొచ్చు. జేపెగ్ ఫైలు లోపల ఎక్కడో కొంచెం చెడితే, తెరిచినప్పుడు పైసగం బొమ్మ వచ్చి కిందంతా బూడిదరంగు పట్టీ పడుతుంది, లేదా అసలు తెరుచుకోదు. చెడిన సంగతి తెరిచి చూసేదాకా తెలియదు. అసలు ప్రమాదం అదే. కాపీ చేసుకుంటూ పోతే చెడినదాన్నే మళ్లీ మళ్లీ కాపీ చేస్తాం.

దీనికి మందు కొత్తదేమీ కాదు. మన కావ్యాలు తాటాకుల మీద నిలిచాయని అంటాం. తాటాకు అంత గట్టిదేం కాదు, పురుగు తింటుంది, పెళుసెక్కి విరుగుతుంది. పాత ఆకులు చూసి కొత్త ఆకుల మీద ఎవరో ఒకరు ఎత్తిరాస్తూ వచ్చారు కాబట్టి అవి మనదాకా వచ్చాయి. సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని, లేఖకుల్ని జీతాలకి పెట్టుకుని చేయించిన పనిలో పెద్ద భాగం ఇదే. ఒకే కావ్యానికి వేరువేరు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. డిజిటల్ ఫొటోకి కూడా కావలసినవి సరిగ్గా ఆ రెండు పనులే, ఎత్తిరాయడం, పోల్చి చూడడం. ఆయన జీతాలిచ్చాడన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోమని మనవి.

గూగుల్‌లో పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. అది కూడా ఒక కాపీయే, పెట్టుకోమనే చెబుతాను. కానీ అదొక్కటే చాలనుకునేవాళ్లకి అదే గూగుల్ నడిపిన ఆర్కుట్‌ని గుర్తుచేస్తాను. మన కాలేజీ పిల్లలు ఆల్బమ్‌లకి ఆల్బమ్‌లు ఎక్కించిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. వాళ్లదే ఇంకో ఫొటో సర్వీసు పికాసా 2016లో ఆగిపోయింది. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నైనా ఉచితంగా దాచుకోవచ్చన్న వరం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీ, అది నిండితే డబ్బు కట్టాలి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాల్ని తీసేస్తామని కూడా ఆ కంపెనీ చెప్పింది, 2023 డిసెంబరు నుంచి ఆ నియమం అమల్లో ఉంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లది వ్యాపారం, ముందుగానే చెప్పారు. తండ్రి పోయిన రెండేళ్లలోపు ఆయన మెయిల్ ఖాతా తెరవాలని ఉద్దానంలో ఏ ఇంట్లో తెలుసు?

ఈ మాట ఊరికే అనలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఇళ్ల నుంచి, దినకర్మకి ఫొటో పెద్దది చేయించి దండ వేయడానికి మా దగ్గరికి వస్తారు. తెచ్చేది ఆధార్ కార్డు మీది చిన్న ఫొటో, లేకపోతే వాట్సాప్‌లో పది చేతులు మారిన పెళ్లి గ్రూపు ఫొటో. అందులో ఆయన మూడో వరసలో ఎవరి భుజం వెనకో ఉంటాడు. పెద్దది చేస్తే మొహం గళ్లుగళ్లుగా విడిపోతుంది. మేం దిద్దుతాం, కళ్లు సరిచేస్తాం, చొక్కా మారుస్తాం, చివరికి తయారయ్యేది ఆయన పోలికలున్న ఇంకో మనిషి. ఇంట్లోవాళ్లు చూసి సరేనంటారు, వేరే దారి లేక. ఆయన ఫోనులో మంచి ఫొటోలు ఉండే ఉంటాయి. దాని లాకు ఎవరికీ తెలియదు. మనం ఖాతా వాడడం ఆగిపోతే ఎవరికి అందాలో ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు గూగుల్‌లో ఉంది, ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి ఉంది. డయాలిసిస్ కోసం పలాస ఆస్పత్రికి వచ్చి గంటల తరబడి కూర్చునే కుటుంబాలకి ఈ ఒక్క పని చేసిపెట్టే మనిషిని వారానికోసారి అక్కడ కూర్చోబెట్టగలరేమో చూడండి. మరణం మాట ఎత్తకుండా చెప్పే నేర్పు ఉన్నవాళ్లయితే మంచిది.

మళ్లీ తుపాను ఫొటోల దగ్గరికి వస్తాను. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, మన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు దెబ్బకొట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ. మూడూ అక్టోబరులో అదే వారం. వేళ్లతో సహా లేచిన కొబ్బరిచెట్టు, రేకులు ఎగిరిన ఇల్లు, ఒరిగిన కరెంటు స్తంభం మూడింటిలోనూ ఒకలాగే ఉంటాయి. తేదీ, ఊరు లేకపోతే తీసినవాడు కూడా నాలుగేళ్లకి గుర్తుపట్టలేడు.

ఫైలు లోపల తేదీ ఉంటుంది కదా అంటారు. కెమెరా, ఫోను తీసిన అసలు ఫైలులో ఉంటుంది. తీసిన క్షణం, జీపీఎస్ వేసి ఉంటే చోటు కూడా. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ చిన్నదవుతుంది, ఆ వివరాలు రాలిపోతాయి. అందినవాళ్ల ఫోనులో దాని పేరు ఐఎంజీ-20181012-డబ్ల్యూఏ0007 లాగా పడుతుంది. చాలామంది దాన్ని ఫొటో తీసిన తేదీ అనుకుంటారు. అది ఫోనుకి వచ్చిన తేదీ. పైలిన్ నాటి ఫొటోని 2018లో ఎవరో పంపితే దాని నెత్తిన 2018 అనే ముద్ర పడుతుంది. రేపు పంట నష్టం మీద కోర్టులో వ్యాజ్యం నడిచినా, విశ్వవిద్యాలయంలో ఎవరైనా పరిశోధన చేసినా, ఇలాంటి ఫొటో సాక్ష్యం చెప్పదు సరికదా, తప్పుడు సాక్ష్యం చెబుతుంది. అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్తుంది. మీ కింది సిబ్బందికి ఈ ఒక్క ముక్క సర్క్యులర్‌గా పంపినా ఈ లేఖకి సగం ఫలితం దక్కినట్టే.

తుపానే కాదు, దాచాల్సినవి ఇంకా ఉన్నాయి. నౌపడ నుంచి టెక్కలి, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే బుల్లి రైలు సంగతి చూడండి. పర్లాకిమిడి లైట్ రైల్వే 1900లో మొదలైంది, 2004లో ఆ చిన్న పట్టాల మీద బండి ఆగింది, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను పడింది. ఆ బండెక్కి సంతలకి తిరిగినవాళ్లు, దాంట్లో పెళ్లిచూపులకి వెళ్లినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఏ ట్రంకుపెట్టెలోనో ప్లాట్‌ఫారం మీద దిగిన ఒక్క ఫొటో ఉండొచ్చు. ఆ ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పగల మనిషి పోతే ఫొటో ఉన్నా సగం పోయినట్టే. అందుకే స్కానింగ్‌తో పాటు పక్కన కూర్చుని అడిగి రాసుకోవడం కూడా ఈ పనిలో భాగం.

మూలపేట పోర్టు సంగతి ఇంకా తొందరది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం లాంటి ఊళ్లకి పునరావాసం. కొలతలకీ పరిహారానికీ తీసిన ఫొటోలు ఉండే ఉంటాయి. వాటిలో గోడ ఎన్ని అడుగులుందో తెలుస్తుంది, ఆ గోడ పక్కన వల ఎలా ఆరేసేవారో తెలియదు. ఏ ఊరైనా ఖాళీ అయ్యే ముందు వీధి వీధీ, గుడీ, బావీ, వలలు అల్లే అరుగూ తీసి పెట్టమనండి. ఇంజనీరు తీసినట్టు కాకుండా ఊరివాళ్లు ఏది తియ్యమంటే అది తియ్యాలి. ఉప్పుమడులూ, తేలినీలాపురం చెట్ల మీద పెలికాన్లూ, పలాసలో జీడిపిక్కలు కాల్చి ఒలిచే ఆడవాళ్ల నల్లబడ్డ వేళ్లూ ఇవన్నీ ఇవాళ రోజూ కనపడేవే కాబట్టి ఎవరూ తియ్యరు. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతే తీసుకోండి, దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా ఖాయం చెయ్యలేదు. పాతికేళ్ల కింద మన నూతి గట్లు ఎలా ఉండేవో, తోటల్లో మందు ఎలా కొట్టేవారో చూపించే మామూలు ఫొటో రేపు ఏ డాక్టరుకి ఎందుకు అక్కరకొస్తుందో ఇప్పుడు మనం చెప్పలేం.

ఇక ఎలా అన్నది. దయచేసి దీనికి యాప్ చేయించకండి. పోర్టల్ కూడా వద్దు, కనీసం మొదట్లో. టెండరు, ఆవిష్కరణ, మూడేళ్ల నిర్వహణ ఒప్పందం, తర్వాత తెరిస్తే ఏమీ రాని పేజీ. ఈ కథ మీకు నాకన్నా బాగా తెలుసు. లెక్క చూస్తే ఖర్చు నవ్వొచ్చేంత చిన్నది. ఫోను ఫొటో ఒకటి సుమారు 4 ఎంబీ అనుకుందాం. లక్ష ఫొటోలకి 400 జీబీ. ఒక టెరాబైటు డిస్కు సగం కూడా నిండదు.

ఫొటోగ్రాఫర్ల లోకంలో పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మన తీరానికి వేరే ఊరు అంటే పక్క ఊరు పనికిరాదు. పలాసని కొట్టిన గాలే టెక్కలినీ కొట్టింది. విశాఖలో పెడదామంటే హుద్‌హుద్ గుర్తొస్తుంది. కాబట్టి ఒక కాపీ టెక్కలి గ్రంథాలయంలో, ఒకటి శ్రీకాకుళంలో, మూడోది అనంతపురం జిల్లా గ్రంథాలయంలో పెట్టించండి. బదులుగా వాళ్ల డిస్కు ఒకటి మనం దాచిపెడదాం. తుపాను జిల్లాకీ కరువు జిల్లాకీ ఇలా వియ్యం కుదిరితే ఒకే రోజు ఇద్దరి కొంపా మునిగే అవకాశం తక్కువ. నాలుగో కాపీ క్లౌడ్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది.

పోల్చి చూసే పనికి చెక్‌సమ్ అని ఒకటుంది. కంప్యూటరు ప్రతి ఫైలుకీ లెక్కకట్టి ఒక పొడవాటి సంఖ్య ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఏటా ఒకసారి మూడు డిస్కుల మీదా ఆ లెక్క మళ్లీ కట్టించి, తేడా వచ్చిన ఫైలుని బాగున్న కాపీ నుంచి ఎత్తిరాయాలి. దీనికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పిల్లలకి ప్రాజెక్టులు కావాలి. ఏటా అక్టోబరు 11న ఈ తనిఖీ జరగాలని ఉత్తర్వులో రాయండి. నాలుగైదేళ్లకోసారి డిస్కులే మార్చాలని కూడా రాయండి, పాతది బాగానే పనిచేస్తున్నా సరే. బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చారని ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెడతారు, వాళ్లకి చూపించడానికి ఆ వాక్యం ఉండాలి.

వివరాలు తెలుగులోనే రాయించండి, కానీ యూనికోడ్‌లో. ఫ్లెక్సీలకీ పెళ్లికార్డులకీ మేం వాడే అను ఫాంట్లలో రాస్తే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు కనపడతాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసింది ఎవరు అనే నాలుగు ముక్కలు చాలు. ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ లాంటి కొత్త రకం ఫైళ్లని అసలుతో పాటు జేపెగ్‌లో కూడా ఒక కాపీ ఉంచుకోవాలి. 1992 నుంచి ఉన్న ఆ ప్రమాణాన్ని తెరవలేని యంత్రం నేను ఇంతవరకు చూడలేదు. పాత కాగితం ఫొటోలు 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, అసలు ఫొటోని అక్కడే, ఆ ఇంటివాళ్ల చేతికి తిరిగిచ్చెయ్యాలి. ప్రభుత్వం వస్తువు తీసుకెళ్తే తిరిగి రాదని మనవాళ్లకి ఒక భయం ఉంది, దాన్ని వాదించి పోగొట్టలేం. గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, స్కానరు ఉంది. ఊరికి వారం రోజులు కేటాయిస్తే చాలా పని అవుతుంది.

హక్కుల మాట ముందే తేల్చుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే పెళ్లి ఫొటోల మీద మా స్టూడియోల కన్నా ఆ కుటుంబానిదే హక్కు. విలేకరి ఉద్యోగంలో భాగంగా తీసినవాటి సంగతి పత్రికతో మాట్లాడుకోవాలి. శవాల ఫొటోలు, సాయం కోసం వరసలో చెయ్యి చాపినవాళ్ల మొహాలు భద్రపరచాలి, కానీ అందరికీ చూపించనక్కర్లేదు. ఆ కుటుంబం వద్దంటే తీసి పక్కనపెట్టే నియమం ఉండాలి. నేను తీసినవాటిలోనే బయటపెట్టడానికి నాకు చేతులు రానివి ఉన్నాయి.

డబ్బు ఎక్కణ్ణుంచి అన్నదానికి నా దగ్గర ఒక జవాబుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. జిల్లా గ్రంథాలయ సంస్థ నడిచేది దాని మీదే. ఫొటో కూడా చదవదగ్గదే అని ఒప్పుకుంటే కొత్త పద్దు వెతకనక్కర్లేదు. ఒక గ్రంథాలయాధికారికి అదనపు బాధ్యతగా రాతపూర్వకంగా ఇస్తే పోస్టు కూడా దొరికినట్టే.

ఇది జరిగే పనేనా అని అనుమానం వస్తే మీ కార్యాలయానికి దగ్గరలోనే కథానిలయం ఉంది, ఒకసారి వెళ్లి చూడండి. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా ఒక ప్రతి శ్రీకాకుళంలో ఉండాలని ఆయన పట్టుదల. పాత పత్రికల కోసం ఊళ్లు తిరిగారు, ఉత్తరాలు రాశారు, అడిగినవాళ్లనే మళ్లీ అడిగారు. 2021 జూన్ 4న మాస్టారు పోయారు. కథానిలయం పోలేదు, కథలు ఇంటర్నెట్‌లోకి కూడా ఎక్కాయి. ఆయన బతికుండగానే బాధ్యతని తన ఒక్కడి మీద ఉంచుకోకుండా పదిమందికి పంచారు. ఈ జిల్లాకి దాచడం చేతకాదని ఎవరూ అనలేరు. అది ఒక బడిపంతులు చేసిన పని, దాని వెనక జిల్లా యంత్రాంగం లేదు.

ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం నడిపే సాంస్కృతిక దృశ్యశ్రవణ భాండాగారానికి ఐఎస్ఓ 16363 అనే ధ్రువీకరణ వచ్చింది. డిజిటల్ భాండాగారాల నమ్మకాన్ని కొలిచే ఆ ప్రమాణం కింద ప్రపంచంలోనే మొదట ధ్రువీకరణ పొందింది అదే. ఆ ప్రమాణంలో యంత్రాలూ సర్వర్లూ తర్వాత వస్తాయి. షరతుల్లో మొదటి భాగమంతా సంస్థ గురించే అడుగుతుంది. ఈ పని ఎవరి బాధ్యత, డబ్బు ఎలా వస్తుంది, రేపు మీరు మూసేస్తే ఇదంతా ఎవరికి అప్పగిస్తారు? మనం పెట్టే మూడు డిస్కులకి ఆ ధ్రువీకరణ అక్కర్లేదు. ఆ మూడు ప్రశ్నలకి అర పేజీలో జవాబు రాసి, సంతకం చేసి, డిస్కుతో పాటు పెడితే చాలు.

నా దగ్గర 2018 అక్టోబరు ఫోల్డరు ఉంది. ఉద్దానం తోటలు, నౌపడ వైపు తంపర చిత్తడి నేలలు, టెక్కలి వీధులు, అసలు ఫైళ్లే, తేదీలతో సహా. జిల్లా వాడుకకి హక్కు రాసిచ్చి ఇస్తాను. తెలిసిన స్టూడియోల వాళ్లతో మాట్లాడాను, ఇద్దరు ముగ్గురు సరే అన్నారు, మిగిలినవాళ్లు ముందు నువ్వియ్యి చూద్దాం అన్నారు. తీసుకున్నప్పుడు మాకు రసీదు ఇప్పించండి. దాని మీద ఫైళ్ల సంఖ్య ఉండాలి, చెక్‌సమ్‌ల జాబితా జతచేసి ఉండాలి, సంతకం కింద ఉద్యోగి పేరు కన్నా హోదా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫరు,
టెక్కలి.